బుధవారం నాడు నారింజ శాలువా

అటెండర్ వేషంలో పంపిన ఏజెంట్ లిఫ్టు గుంతలో శవమై దొరికాడు. గంట తిరక్కుండా అదే యూనిఫాం మరో ఏజెంట్ ఖచోన్ ఒంటిమీదికి వచ్చింది.

"అయిదుగురు ఆర్థికవేత్తల్ని మూడు రోజులుగా లోపల కూర్చోబెట్టాం," అన్నాడు కర్నల్ బున్లెర్ట్. "ఫోన్లు లాగేసుకున్నాం. అయినా వాళ్లనుకున్నది గంటలో విదేశీ ముఠాకి చేరిపోతోంది. వాళ్లు మన కరెన్సీ బాత్‌ని అమ్ముతుంటే దాని విలువ నిలబెట్టడానికి మన డాలర్లు ఊడ్చుకుపోతున్నాయి. ఇవాళ కూడా లీకైతే మందులు తెప్పించుకోడానికీ మిగలవు."

ఖచోన్ భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆసుపత్రిలో సరుకు శుక్రవారం దాకానే ఉంది.

చెవిలో ఇయర్‌పీస్, ట్రే కింద పిస్టల్. టీ కప్పులతో లోపలికి వెళ్లాడు. బుధవారం కదా, గదిలో టైల దగ్గర్నుంచి బ్లౌజుల దాకా అన్నీ ఆకుపచ్చే. ఏ రోజుకి తగ్గ రంగు ఆ రోజు వేసుకోకపోతే ఆ ఊళ్లో అమ్మలు గడప దాటనివ్వరు.

"వడ్డీ పెంచండి!"

"పెంచితే ఫ్యాక్టరీలకి తాళాలే. ఆ జనానికి మీ ఇంట్లో వండి పెడతారా?"

"పెంచకపోతే డాలర్లు మీరు అచ్చేయించండి!"

ముసలి ప్రొఫెసర్ సనో బల్ల చరిచాడు. "చాలు. ఇంక నిలబెట్టలేం. రేపు గురువారం తొమ్మిదికి బాత్‌ని మార్కెట్ ధరకే వదిలేద్దాం." అని కళ్లు తుడుచుకున్నాడు.

అయిదుగురిలో ఒకరైన డాక్టర్ పిమ్లడా లేచింది. అందానికి అందం, చదువుకు చదువు. "మనసేం బాలేదు. స్థలదేవతకి దండం పెట్టుకొస్తా."

దండం పెట్టుకోవడానికి వెళ్లే మనిషిని ఆపే గార్డు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. కరెన్సీ మార్కెట్ మూయడానికి ఇరవై నిమిషాలుంది. ఖచోన్ ట్రేతో వెనకే నడిచాడు.

ఆవరణలో స్థలదేవత గూడు, దాని ముందు ఎవరో నైవేద్యంగా పెట్టిన ఎర్రసోడా సీసాలు. పిమ్లడా గూడు చాటున హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నారింజ రంగు శాలువా తీసింది. ఎదుటి హోటల్ బాల్కనీలో బైనాక్యులర్స్ తళుక్కుమన్నాయి.

నారింజ గురువారం రంగు! లీకు ఇదేనని ఖచోన్‌కి అర్థమైంది.

ఆమె మడత విప్పేలోపే రెండు సీసాలు ఎత్తి శాలువా మీద కుమ్మరించాడు. నారింజ కాస్తా ఎర్రబడింది. ఎరుపంటే ఆదివారం.

"గుడ్డి వెధవా! కళ్లు నెత్తికెక్కాయా?"

"తప్పయింది మేడమ్. భుజాన వేసుకోండి." పిస్టల్ ఆమె నడుముకు ఆనింది. "హోటల్ దాకా బాగా కనపడాలి."

పిమ్లడా శాలువా కప్పుకుంది. బాల్కనీ ఖాళీ అయింది.

"అమ్మకాలు ఆగాయి!" ఇయర్‌పీస్‌లో కర్నల్ ఏడుపో నవ్వో తెలియకుండా అరిచాడు. "ఆదివారం దాకా టైముందనుకున్నారు వెధవలు!"

"సొంత దేశాన్నే అమ్ముకున్నావా?" అన్నాడు ఖచోన్.

"ఎలాగూ అందరం మునిగేవాళ్లమే," అంది పిమ్లడా. "నా ఒడ్డు నేను చూసుకున్నా."

గురువారం తొమ్మిదికి బాత్‌ని వదిలారు. మందులకు సరిపడా డాలర్లు మిగిలాయి. శుక్రవారం ఖచోన్ భార్యకు మందు దొరికింది, రెట్టింపు ధరకి. ఆ సాయంత్రం బయటికొస్తున్న ఆర్థికవేత్తలకు అతను అడ్డం వెళ్లాడు.

"సార్, మందుల ధర మళ్లీ ఎప్పటికి దిగుతుంది?"

మిగిలిన నలుగురూ కలిసి అయిదు తారీఖులు చెప్పారు.