బొట్టు లేని థేమ్స్

ఏజెంట్ కౌస్తుభ్‌ని నిన్న పట్టపగలు, పిస్కాటవేలో బిర్యానీ హోటల్ పార్కింగ్‌లో చంపేశారు. ఆయుధం పెన్నులో దాచిన విషపు సూది. పోలీసులు గుండెపోటని రాసి చేతులు దులుపుకున్నారు. అతని మిషన్ అవని నెత్తిన పడింది.

"కోడ్‌వర్డ్ నది," అంది బ్రీఫింగ్‌లో పై ఆఫీసర్ వసుమతి. "పంతొమ్మిది వందల యాభైల్లో ఓ ఇంగ్లిష్ పెయింటర్ వేసిన ఆయిల్ పెయింటింగ్. రాత్రిపూట థేమ్స్, నీళ్లలో దీపాలు. ఓ దీపం రంగు కింద, నీటి సరఫరా పాస్‌వర్డ్‌లున్న చిప్ ఉంది. అది విదేశీ ముఠాకి చిక్కిందంటే మూడు రాష్ట్రాల తాగునీరు వాళ్ల గుప్పిట్లోకి పోతుంది. తీసుకురా."

దాచినవాడు జైల్లో ఉన్నాడు. వాడి ఇంటి సామాను వేలానికొస్తే, ఆ బొమ్మని పార్సిప్పనీలో ఉండే జయంతి ఆంటీ కొత్తింటి హాల్లోకి కొనుక్కుంది. ఇవాళే గృహప్రవేశం. అవని వేషం, క్యాటరింగ్ అమ్మాయి. పులిహోర వడ్డిస్తూనే ఒక్కో జేబూ గమనిస్తోంది. ఇంతమందిలో ఆ పెన్ను ఎవడి జేబులో ఉందో!

అందరూ భోజనాల్లో పడ్డాక గోడ దగ్గరికి వెళ్లింది. నల్లటి నది. నీళ్లలో వణికే దీపాలు. ఫ్రేమ్ చూసింది. వేలితో తడిమింది.

పొద్దున ఆంటీ కొత్త ఫ్రిజ్‌కీ, టీవీకీ, ఈ ఫ్రేమ్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టడం అవని కళ్లారా చూసింది. ఇప్పుడు ఫ్రేమ్ శుభ్రంగా ఉంది.

"మేడమ్, ఇది కాపీ," అని చొక్కా గుండీలోని మైక్‌లో గొణిగింది. "అసలుదానికి బొట్టుంది. బ్యాకప్ పంపండి."

జవాబు చెవిలో కాదు, వీపు వెనక వినిపించింది.

"బ్యాకప్ రాదు, అవనీ. నేనొచ్చాగా."

కంచిపట్టు చీరలో వసుమతి, సినిమా తారలా ఉంది. పైట చాటున ఆ పెన్ను అవని పక్కటెముకలకి ఆనింది. అందరూ వ్రతంలో ఉండగా బొమ్మ మార్చేసింది. ఇక అవని చస్తే, దొంగతనం నేరం కూడా అవని మీదికే పోతుంది.

"నవ్వుతూ నడువు. కారుదాకా."

అవని నవ్వుతూ నడిచింది. ఎవరి కళ్లలోకి చూసినా లాభం లేదు. గ్రీన్‌కార్డ్ డేట్ కదిలిందా లేదా అని కొట్టుకునే జనానికి పక్కనే పోతున్న ప్రాణం ఎందుకు కనబడుతుంది?

వసుమతి కారు తలుపు మీద చెయ్యి వేసింది. పెన్ను క్లిక్‌మంది.

"ఏమ్మా, బొట్టు పెట్టించుకోకుండా వెళ్లిపోతున్నావేంటి?"

కుంకుమ పళ్లెంతో జయంతి ఆంటీ, రొప్పుతూ.

"అర్జెంట్ పనండీ. ఇంకోసారి వస్తాను."

"వట్టి నుదుటితో పంపిస్తే నాకేం బాగుంటుంది? తల ఇటు వంచు."

ఆంటీ వేలు అప్పటికే ముఖం మీదికి వచ్చేసింది. వసుమతి తల వంచక తప్పలేదు. కళ్లు వాలాయి. పెన్ను పక్కటెముకని వదిలింది, రవ్వంత.

అవనికి ఆ రవ్వంతే చాలు. కింది నుంచి పళ్లెం ఎగరేసి కొట్టింది. కుంకుమంతా కళ్లలో పడి వసుమతి గుడ్డిదానిలా తడుముకుంది. పెన్ను జారి సిమెంటు మీద దొర్లింది. అవని ఆమె చెయ్యి వెనక్కి విరిచి కారుకేసి అదిమింది. వెనక సీట్లో థేమ్స్ కనబడింది. ఫ్రేమ్ మీద బొట్టు అలాగే ఉంది.

ఎర్రబడ్డ డ్రైవ్‌వేని చూసి ఆంటీ ఖాళీ పళ్లెం తీసుకుంది.

"నేను బొట్టుతో సరిపెడదామనుకున్నాను గానీ అమ్మాయ్, నువ్వు అభిషేకమే చేశావు."