ఎవరి జోలికీ పోని గ్యాస్

"క్లోరిన్," అన్నాడు డైరెక్టర్, ఆ గ్యాస్‌ను తానే కనిపెట్టినంత గర్వంగా. "శత్రువుల టార్గెట్ మన రసాయన శాస్త్రవేత్తల రహస్య సమావేశం. క్లోరిన్‌కి బయటి కక్ష్యలో ఏడే ఎలక్ట్రాన్లు. ఎనిమిదోదాని కోసం కనబడిన ప్రతిదాని మీదా పడుతుంది. ఊపిరితిత్తులైనా వదలదు."

"ఎవరు చెప్పారు సార్?"

"మన డబుల్ ఏజెంట్. ఆమె మాటంటే మాటే!"

ఆమె అందమంటే అందమే అని ఊరుకున్నా సరిపోయేది. ఏజెంట్ మాస్కు, క్లోరిన్ డిటెక్టర్, కెమెరా దాచిన లైటర్ అందుకున్నాడు. ఆ శాస్త్రవేత్తల్లో అతని అక్క కూడా ఉంది.

భూగర్భంలో హాలు. ఒక్కటే ఉక్కు తలుపు. ఏజెంట్ కాఫీ అందించేవాడి వేషంలో దూరాడు. కప్పు అందుకుంటూ అక్క తలెత్తకుండానే అంది, "మీసం ఊడుతోందిరా."

వేదిక మీద ఒక పెద్దమనిషి పరిశోధన పత్రం చదువుతున్నాడు. ముందు వరస ఆవలిస్తోంది. ఆ ఉపన్యాసానికి ఆవలించనివాణ్ణే అనుమానించాలనుకున్నాడు ఏజెంట్. జేబులో డిటెక్టర్ మొద్దులా పడుంది.

ఎర్ర గౌనులో, విలేఖరి వేషంలో డబుల్ ఏజెంట్ దగ్గరికొచ్చి సిగరెట్ పెదవుల మధ్య పెట్టుకుంది.

"బయట వాన పడుతోందా?" అంది. అది కోడ్.

"గొడుగు తెచ్చాను," అని లైటర్ నొక్కాడు. మంట పుట్టి వెంటనే చచ్చింది. మళ్ళీ నొక్కాడు. అదే తంతు.

ఆమె ముఖం పాలిపోయింది. రెండు ప్రభుత్వాల కళ్ళలో దుమ్ము కొట్టిన మనిషి, పాడు సిగరెట్ మాత్రం మానలేకపోయింది! తలుపు వైపు పరుగెత్తింది.

"గ్యాస్!" అని అరిచి ఏజెంట్ మాస్కు తగిలించుకున్నాడు.

అక్క దాన్ని లాగి పారేసింది. "తియ్యరా వెధవా! వాసన లేదు, రంగు లేదు, మంటేమో ఆరిపోయింది. ఇది ఆర్గాన్! దానికి బయటి కక్ష్యలో ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. ఎవరి అవసరమూ లేదు, ఎవరి జోలికీ పోదు. నీ డిటెక్టర్‌ని కదిలించదు, మాస్కులో బొగ్గుకి చిక్కదు."

"మరి మనల్నేం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. గాలిని బయటికి తోసేసి తను కూర్చుంటుంది. ఊపిరాడట్లేదని కూడా తెలీకుండా పోతాం. తలుపు చూడు!"

డబుల్ ఏజెంట్ బయటికి జారుకుంది. వెనకే ఉక్కు తలుపు మూసుకుంటోంది. ఒకసారి మూసుకుంటే లోపలి నుంచి తెరుచుకోదు. అక్క అప్పటికే తూలిపోతోంది. ఏజెంట్ కిందపడ్డ మాస్కును అందుకుని ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. చివరి జానెడు సందులో అది ఇరుక్కుంది. తలుపు ఆగింది. శాస్త్రవేత్తలంతా కలిసి తలుపును వెనక్కి లాగారు. చల్లగాలి లోపలికి కొట్టింది.

మెట్ల మీద కాపలావాళ్ళకు దొరికిపోయిన డబుల్ ఏజెంట్ ఇంకా నవ్వుతూనే ఉంది. "క్లోరిన్ అన్నానో లేదో, మాస్కు ఇచ్చి పంపేశాడు మీ డైరెక్టర్. ఇంత సులువుగా నమ్మేవాడు మాకు ఇంకొకడు దొరకడు."

ఏజెంట్‌కి ఒళ్ళు మండింది. కానీ ఆమె అన్నది నిజమే.

'మేం సమకూర్చిన మాస్కు వల్లే అందరి ప్రాణాలూ దక్కాయి' అని డైరెక్టర్ పైకి రిపోర్టు రాశాడు. ఆయన సర్వీసులో అబద్ధం లేని రిపోర్టు అదొక్కటే.