బెత్తెడు పొడుగు

పక్కింటావిడ మేడ మీద బట్టలారేస్తూ వాళ్ల చెల్లెలితో అందట, "ఆ ఇంటి పెద్దబ్బాయి పోయి మూడేళ్లయినా, తెల్లారేసరికి పెరట్లో కర్ర ఊపుతూనే ఉంటాడే! అదే నిలబడటం, అదే ఊపు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది" అని. ఆ చెల్లెలు కూరల కొట్లో ఆ ఇంటి చిన్నకోడలి చెవిన వేసింది. చిన్నకోడలు కాఫీతో పాటు ఆ మాటా తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

చిన్నాడికి నలభై రెండేళ్లు. ఇంట్లో ఇప్పటికీ చిన్నాడే. పెరట్లో కట్టిన వల ముందు అన్నయ్య గోల్ఫ్ కర్రతో నిలబడ్డవాడు నడుం పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"దెయ్యాలు ఇంతలా మూలుగుతాయా?" అంది ఆమె. "మందు రాసి రాసి నా అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. ఆ గోల్ఫ్ కర్రల కొట్టుకెళ్లి మీ ఒంటికి సరిపడా కర్రలు చేయించుకోండి, మహానుభావా."

"అమ్మ..." అంటూ నీళ్లు నమిలాడు.

కిటికీ వెనక కుర్చీలో అమ్మ ఉంది. రోజూ ఆ వేళకి అక్కడే ఉంటుంది. కర్ర గాలిని కోసే చప్పుడు, బంతి వలకి తగిలే చప్పుడు వినేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. పెద్దాడు ఉన్నప్పుడూ అంతే.

మధ్యాహ్నం కొట్లో, కర్రలు చేసే ఆయన ఆ కర్ర తల అడుగున పట్టీ అంటించి, చిన్నాడి చేత చెక్క మీద ఆడించి చూశాడు. పట్టీ మీద గీత నడిమికి కాక, కాడ అతికిన వైపు పడింది.

"చూశారా, కొస పైకి లేస్తోంది. ఇది మీకంటే బెత్తెడు పొడుగు మనిషి కర్ర. దీనికి సరిపోవాలని మీరు నడుం మెలిపెడుతున్నారు."

"మా అన్నయ్యది."

"తెలుసండీ. నేనే చేశాను."

సొరుగులోంచి ఓ పాత కార్డు తీశాడు. అన్నయ్య ఎత్తు, మణికట్టు నుంచి నేలకి దూరం, అరచేయి కొలత. అడుగున అన్నయ్య చేతిరాత: 'తమ్ముడికీ ఒక సెట్టు. పిలిస్తే రాడు, చెవి పట్టుకుని లాక్కొస్తాను.'

"ఆయన పోయాక మీ ఇంటికి ఫోన్ చేశాను. పెద్దావిడ అక్కర్లేదన్నారు."

'తమ్ముడు' అన్న మాట పక్కన గళ్లన్నీ ఖాళీ. చిన్నాడు చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడ్డాడు.

"రాసుకోండి" అన్నాడు.

ఇంటికి రాగానే అడిగేశాడు. "ఎందుకు వద్దన్నావమ్మా?"

"ఇంట్లో ఉన్నవి చాలవూ?"

"అవి నావి కావు."

"వాడొచ్చి అడుగుతున్నాడా ఏంటి?"

"అత్తయ్యా, ఈయన ఒంగి చెప్పులు కూడా తొడుక్కోలేకపోతున్నారు" అంది కోడలు.

"నువ్వూరుకోవే. అన్నదమ్ముల మధ్య దూరకు."

చిన్నాడు మెల్లగా అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి వాడి తల మీదికొచ్చింది. పెద్దాడి రింగుల జుట్టు అలవాటైన వేళ్లు, బట్టతల తగలగానే ఆగిపోయాయి. తియ్యలేదు. అక్కడే ఉన్నాయి.

"చేయించమన్నది అన్నయ్యేనమ్మా, రాసి పెట్టాడు. నేను కొలతలిచ్చేశాను" అన్నాడు. "మూడేళ్లుగా పొద్దున్నే ఆ చప్పుడు చేసేది నేను. అన్నయ్య కాదు."

"తెలుసురా" అంది అమ్మ. "అందుకేగా కళ్లు మూసుకుని వినేది."