కాసేపాగి వెళ్దాం

పిన్ని పోయి నెలైంది. ఆవిడ ఉన్న ఫ్లాటు ఖాళీ చేసి, సాయంత్రంలోగా తాళాలు అప్పగించాలి. ఆవిడ అక్క కూతురు వచ్చి పొద్దుటినుంచీ సర్దింది. చిన్నప్పుడు నాలుగు మెతుకులు తిని లేచిపోయేదని పిన్ని ఆమెను పిచ్చుక అనేది. మనమూ అలాగే అందాం. రెండున్నరకల్లా పనైపోయింది. నాలుగింటికి బడి దగ్గర కూతురి కోసం నిలబడాలి. ఐదేళ్ల పిల్ల, అమ్మ ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు పట్టుకుని ఏడ్చేస్తుంది. ఇంకా బోలెడంత టైముంది కదా అని పిచ్చుక పిన్ని మంచం మీద కూర్చుంది.

ముప్పయ్యేళ్ల వయసులో, ఇక్కడి భాష ముక్క రాకుండా, ఒక్క పెట్టెతో ఈ దేశం వచ్చిన మనిషి పిన్ని. మతి తప్పిన ముసలివాళ్లకు తినిపించడం, తల దువ్వడం, గోళ్లు తీయడం ఆవిడ పని. అక్క పోతే పిచ్చుకను తెచ్చుకుని, తన పెళ్లి ఊసే ఎత్తకుండా పెంచింది. చివర్లో ఒక ముసలమ్మను ఈ ఫ్లాటులోనే ఉంచుకుని చూసుకుంది. ముసలమ్మది పొద్దస్తమానం ఒకటే గొడవ, ఇంటికెళ్లిపోతానని. పిన్ని ఏనాడూ వద్దనలేదు. "అలాగే బంగారం, కాసేపాగి వెళ్దాం," అనేది. గుమ్మం ముందు, లోపలివైపు, మాత్రం కాళ్లు తుడుచుకునే నల్లటి పట్టా పరిచింది. మతి తప్పినవాళ్ల కళ్లకి నలుపు గొయ్యిలా కనిపిస్తుందట, దాటరట. "అమ్మో, ఎంత గడుసుదానివి పిన్నీ!" అని పిచ్చుక అప్పట్లో పడీ పడీ నవ్వింది.

మూడున్నరకి లేచింది. సంచి భుజాన వేసుకుని తలుపు వైపు నడిచి, ఆగిపోయింది.

గుమ్మం ముందు గొయ్యి ఉంది.

కళ్లు నులుముకుంది. గొయ్యే. లోపలినుంచి చల్లటి గాలి... తడిమట్టి వాసన... చెప్పు తీసి విసిరింది. చప్పుడు రాలేదు. ఎంతసేపు చెవులు రిక్కించినా రాలేదు.

వెనక నొప్పుల మందు ఘాటు. పిన్ని చేతుల వాసన అది. ఏమాటకామాటే చెప్పాలి, ముందు భయం వేయలేదు, ఏడుపొచ్చింది.

"ఎక్కడికి, బంగారం?"

"పిన్నీ... బడికెళ్లాలి."

"అలాగే. కాసేపాగి వెళ్దాం."

జుట్టులోకి దువ్వెన దిగింది. మెల్లగా... చిక్కు తీస్తూ... ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! అందుకే ఒళ్లు జలదరించింది. తల తిప్పబోయింది. మెడ కదల్లేదు. గోడ గడియారం నాలుగు దాటింది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్. పాప ఏడుస్తుంది."

"ఏ పాప, బంగారం?"

"నా పాప! నా..."

పేరు... నాలిక చివరే ఉంది. పొద్దున నిద్ర లేపుతూ పదిసార్లు పిలిచిన పేరు. రాలేదు. గేటు గుర్తొచ్చింది. గేటు పట్టుకున్న రెండు చిన్న చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులు ఎవరివో...

"ఆకలేస్తోందా? నోరు తెరు."

తెరిచింది.

తలుపు తెరుచుకునేసరికి బయట పొద్దుగూకింది. ఎవరో మగమనిషి పట్టా తొక్కుకుంటూ లోపలికొచ్చాడు. "ఫోనెత్తవేంటి? పిల్ల గంటన్నర గేటు దగ్గరే..." అని అరుస్తూ, మంచం మీద ఆమె కూర్చున్న తీరు చూసి ఆపేశాడు. అతని వెనకనుంచి ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి ఆమె మెడ కావలించుకుంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది పాపం. ఎవరి పిల్లో గానీ ముద్దొస్తోంది.

"ఏడవకమ్మా," అంది పిచ్చుక మర్యాదగా. "మీ అమ్మ వచ్చేస్తుందిలే."

పిల్ల చేతులు వదిలేసి వెనక్కి జరిగింది.

అతను వంటగట్టు వైపు చూస్తున్నాడు. "గ్యాసు పోయిన వారమే తీయించేశాం కదా," అని గొణిగాడు. "ఈ జావ ఎవరు కాచారు?"

గట్టు మీద సగం తిన్న గిన్నె. ఇంకా ఆవిరి వస్తోంది. దాని పక్కనే ఇంకో గిన్నె, చిన్నది... అది ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు తినడానికి వీలుగా చల్లార్చి, చిన్న చెమ్చా వేసి ఉంది.