ముప్పై ఐదు కెల్విన్‌ల దగ్గర

“బార్లీ టీ చల్లారింది,” అన్నాడు ఫోన్‌లో చీఫ్.

సొనోబె ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. కాపాడాల్సిన మనిషి శత్రువు చేతిలో పడ్డాడని దాని అర్థం.

“ఎవరు సార్?”

“ప్రొఫెసర్ కువహర. ఆయన పెంచిన క్రిస్టల్‌తో సహా పొద్దున ఎత్తుకుపోయారు. వార్గా ముఠా పని. నాలుగింటికి వాడి ఫ్లైట్.”

“ఆ ముఠాలో మన డాక్టర్ మినెగిషి ఉందిగా, ప్రొఫెసర్ పాత శిష్యురాలు. ఏమంటోంది?”

“మనదెక్కడయ్యా! రెండేళ్లుగా వాడి కబుర్లు మనకి, మన కబుర్లు వాడికి. ఇప్పుడు ఫోనెత్తడం లేదు. శత్రువనే అనుకో. బలగాలు రావాలంటే నలభై నిమిషాలు.”

సొనోబె వాచీ చూసుకున్నాడు. రెండూ పది. గూఢచారి కాకముందు అతను కువహర లాబ్‌లోనే చదువు వెలగబెట్టి, మూడో ఏట పారిపోయిన శిష్యుడు. ప్రయోగం పాడైన ప్రతిసారీ తిట్టి, ఆ వెంటనే ఉదోన్ నూడుల్స్ తినిపించిన మనిషాయన. ఇప్పుడు బతికున్నాడో లేదో తెలియదు. సొనోబెకి ఏడుపొచ్చినంత పనైంది.

పరీక్షించకుండా ఎవడూ సరుకు తీసుకోడు. ఆ క్రిస్టల్ సంగతి తేలాలంటే ముప్పై ఐదు కెల్విన్‌లకు, అంటే నీళ్లు గడ్డకట్టే చలికన్నా దాదాపు రెండొందల నలభై డిగ్రీలు కిందకి చల్లార్చాలి. అంత చలికి ద్రవ హీలియం కావాలి. ఊళ్లో అది దొరికేది యూనివర్సిటీలోనే.

పెద్దల పండగ ఓబోన్ సెలవులు. క్యాంపస్‌లో చెట్ల మీద కీచుమంటున్న సికాడాలు తప్ప మరో పురుగు లేదు. సొనోబె హీలియం షెడ్డుకు పరుగెత్తాడు. లాబుల్లో వాడిన హీలియమంతా పైపుల్లో తిరిగొచ్చి అక్కడి రబ్బరు సంచిలో చేరుతుంది. సెలవుల్లో అది ముడుచుకుని పడుండాలి. ఉబ్బుతోంది! గోడ మీద వరసగా ఉన్న మీటర్లలో ఒక్కటే తిరుగుతోంది. గది 207.

కొక్కేనికున్న పనివాడి డ్రెస్సు, మాస్కు తగిలించుకుని, హీలియం ట్యాంకు తోసుకెళ్లి తలుపు తట్టాడు.

“హీలియం అండీ!”

“పొమ్మను,” లోపల మగ గొంతు.

“అయిపోవచ్చింది. రానివ్వకపోతే ముప్పై ఐదుకి దిగదు,” డాక్టర్ మినెగిషి చిజురు గొంతు.

తలుపు తెరుచుకుంది. సొనోబె అలవాటుగా బూట్లు విప్పి లాబ్ చెప్పులు తొడుక్కున్నాడు. ప్రొఫెసర్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. వెనకే వార్గా, బురద బూట్లతోనే, కోటు కింద పిస్టల్‌తో. చిజురు ఎర్రటి లిప్‌స్టిక్ చెదరలేదు. చూపు స్క్రీన్ మీదే. సొనోబె ట్యాంకు గొట్టాన్ని క్రిస్టల్ ఉన్న యంత్రానికి బిగించాడు.

స్క్రీన్ మీద, క్రిస్టల్‌లో కరెంటు నిలువుగా ఎలా పారుతోందో, అడ్డంగా ఎలా పారుతోందో చూపే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. పక్కన కెల్విన్‌లు దిగుతున్నాయి. అరవై. యాభై.

మాస్టారి పాఠం గుర్తొచ్చింది. వెచ్చగా ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్లకి నిలువూ అడ్డమూ ఒకటే. ముప్పై ఐదు దగ్గర వాటంతటవే ఒక దిక్కు ఎంచుకుంటాయి. కానీ క్రిస్టల్‌ని దాని మానాన వదిలేస్తే సగం ఇటు, సగం అటు తిరిగి, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక పక్క నుంచి స్క్రూతో కాస్త నొక్కితేనే అన్నీ ఒకే దారి పట్టి, గీతలు విడిపోతాయి.

“విడిపోతే క్రిస్టల్ నాది,” అన్నాడు వార్గా, పనివాణ్ణి లెక్కచేయకుండా పిస్టల్ తీసి ప్రొఫెసర్ తలకి ఆనించి. “లేదంటే ముసలాయన ప్రాణం నాది.”

ఎలా చూసినా సర్వనాశనమే. సొనోబె దగ్గర పిస్టల్ కూడా లేదు, హీలియం గొట్టం తప్ప.

నలభై. ముప్పై ఆరు. ముప్పై ఐదు.

ముప్పై నాలుగు. గీతలు అతుక్కునే ఉన్నాయి.

“నకిలీ! నన్నే ముంచుతావా డాక్టరమ్మా?” పిస్టల్ ప్రొఫెసర్ తల వదిలి ఆమె వైపు తిరిగింది.

సొనోబె గొట్టం ఊడబీకి వాల్వ్ బారుగా తెరిచాడు. తెల్లటి చలి బుస్సుమని వార్గా మణికట్టును కొట్టింది. వాడు కెవ్వుమన్నాడు. తూటా పైకప్పులోకి పోయింది. మరుక్షణం వాడు నేల మీద, సొనోబె మోకాలి కింద ఉన్నాడు.

“మాస్టారూ, దెబ్బేం తగల్లేదుగా?”

“ముందు ఆ వాల్వ్ మూసి చావరా!”

చిజురు గుప్పిలి విప్పింది. అరచేతిలో చిన్న స్క్రూ. క్రిస్టల్‌ని నొక్కాల్సింది అదే, వార్గాకి దక్కకుండా ముందే ఊడదీసి దాచింది. సొనోబెకి కళ్లు చెమర్చాయి.

“హీలియం షెడ్డుకి తిరిగెళ్లే ఆ పైపు మాకు కబురందాలనే తగిలించారా?”

“హీలియాన్ని గాల్లోకి వదిలేస్తే మాస్టారు బతకనిస్తారా?”

ఫోన్ మోగింది. “ఇంతకీ ఆవిడ ఎవరి వైపోయ్?” అన్నాడు చీఫ్.

గురువూ శిష్యురాలూ అప్పుడే నేల మీద మోకరిల్లి పైపు అతుకు తడిమి చూస్తున్నారు.

“హీలియం వైపు, సార్.”