ఐదో పాట ఎవరిది?

శనివారం పొద్దున ఊర్మిళ ఎప్పటిలాగే అల్లం, మిరియాలు దంచి కషాయం మరగబెడుతోంది. నాలుగు నెలలుగా ఇదే పని. రెండో విడత కరోనా తగ్గిన దగ్గర్నుంచి భర్త పరమేశ్వర్‌కు మాట వస్తోంది గాని పాట రావడం లేదు. పాడే గొంతు పోయిందంటాడు. వారమంతా సాంచెల కార్ఖానాలో మగ్గాల మీద పనిచేసినా, ఆదివారం ఉన్‌లోని తెలుగు క్రైస్తవ సంఘంలో హార్మోనియం ముందు కూర్చున్నాడంటే అతని గొంతు వీధి చివరి దాకా వినిపించేది. ఇప్పుడు అతను హార్మోనియం మాత్రమే వాయిస్తున్నాడు. పాడేది కూతురు హారతి.

ఆ హారతి నిన్ననే ఆల్బమ్ ఒకటి విడుదల చేసింది. పేరు 'జవాబియ్యి'. ఎనిమిది పాటలు. ఆల్థాన్‌లో ఉండే స్నేహితుడు సుహాస్ గిటారు, డ్రమ్ములు వాయిస్తే, తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి తనే రాసి పాడింది. తెల్లారేసరికి సంఘం వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోతోంది.

"ఏమంటున్నరే?" ఊర్మిళ కూతురి భుజం మీంచి తొంగి చూసింది.

"ఇది స్తుతా, కొట్లాటా అంటున్నరమ్మా." హారతి నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "పాటల పేజీ నడిపే ముంబై పోరలేమో, గిటార్ మస్తుంది, దేవుణ్ణి జర తగ్గించాలె అని రాసిన్రు. వీళ్లకు చప్పుడెక్కువైంది, వాళ్లకు దేవుడెక్కువైండు."

"మరి నాకేది ఎక్కువైతదో నేను గూడ చూస్త. పెట్టు."

మొదటి పాటకే ఊర్మిళ చెవులు మూసుకుంది. అందులో ఒక్క ముక్కా అందలేదు. "గింత ఉరుకుడేంది బిడ్డా? ఎవరన్న తరుముతున్నరా?"

"ర్యాప్ అంటే గంతేనమ్మా. మాటలు ఉరుకుతయ్. సగం వేగంల పెట్టిస్త, విను."

ఫోను తల్లి చేతిలో పెట్టి హారతి పనికి వెళ్లిపోయింది. సగం వేగంలో కూతురి గొంతు ముసలి ఎద్దు రంకెలా వినబడింది. ఊర్మిళ ఒక్కతే పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే పిండి కలిపింది, రొట్టెలు కాల్చింది, ఒక్కో పాటా వింది. రెండో దాంట్లో అన్నం ప్యాకెట్ల కోసం వరుసలో నిలబడ్డ కూలీలున్నారు. నాలుగో దాంట్లో మూతబడ్డ బడి ఉంది. తన పిల్ల కళ్లు ఇన్ని చూశాయా అని ఆశ్చర్యపోయింది.

ఐదో పాట దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

'గొంతుకు రోగం లేదు దేవా, గొంతుకు అలుక.
పదకొండు దినాలు పిలిస్తె పలకకపోతివి.
నువ్వు పలికేదాక మా ఇంట్ల పాట లేదు.'

పదకొండు రోజులు. రాజనర్సు ఆసుపత్రిలో ఉన్నది సరిగ్గా అన్ని రోజులే. పరమేశ్వర్‌తో పాటే సిరిసిల్ల నుంచి ఈ గుజరాతీ ఊరికి వలస వచ్చి, పక్క సాంచెల మీద పనిచేసి, ప్రతి ఆదివారం అతని పాటకు డోలక్ కొట్టినవాడు. లోపలికి పోనివ్వకపోతే పరమేశ్వర్ ఆసుపత్రి గేటు బయట నిలబడి, ఫోనులో అతనికి పాడుతూ ప్రార్థన చేశాడు. పన్నెండో రోజు పొద్దున ఫోను ఎత్తేవాళ్లు లేకపోయారు.

ఊర్మిళ పొయ్యి కట్టేసింది. నాలుగు నెలలుగా తాను మరగబెట్టిన కషాయం ఏ రోగానికి?

మధ్యాహ్నం పరమేశ్వర్ రుసరుసలాడుతూ వచ్చాడు. వెనకే హారతి కూడా వచ్చింది.

"సంఘం పెద్ద వరప్రసాద్ సార్ ఫోన్ చేసిండు. సంఘం ఇజ్జత్ తీసినవ్. రేపటికల్ల ఆ ఆల్బమ్ తీసెయ్యాలె."

"నువ్వు విన్నవా బాపూ?"

"ఆ లొల్లి నేనెందుకు వింట?"

"నేను విన్న," అంది ఊర్మిళ. కషాయం గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "గీ కషాయం గొంతుకా, అలుకకా? ఏదో ఒకటి చెప్పు."

పరమేశ్వర్ ముఖంలో కోపం పోయి మరేదో వచ్చింది. ఊర్మిళ ఐదో పాట సగం వేగంలోనే పెట్టింది. అతను తలవంచుకుని చివరిదాకా విన్నాడు.

"నీకెట్ల ఎరుక?" కూతుర్ని అడిగాడు.

"నీ పక్కకే నిలబడి పాడుత గద. మాస్కు వెనక నీ పెదవులు కదల్తలేవు. గొంతు పోయినోడు గూడ పెదవులన్న కదిలిస్తడు." హారతి కళ్లు తుడుచుకుంది. "నువ్వు అడగలేకపోతున్నవని నేనడిగిన. నీ పేరు ఏడ పెట్టలే. కావాలంటె తీసేస్త."

పరమేశ్వర్ అన్నం తినకుండానే బయటికి వెళ్లిపోయాడు. ఊర్మిళకు భర్త మీద జాలేసింది. తనకు చెప్పనందుకు కడుపు మండింది కూడా.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎడమెడంగా వేసిన కుర్చీల మధ్య సంఘ పెద్ద వరప్రసాద్ లేచాడు. హజీరాలోని ఫ్యాక్టరీలో ఇంజనీరు, మెత్తటి మనిషి.

"చప్పుడు సంగతి అలా ఉంచమ్మా హారతీ. కుర్రాళ్లకి నచ్చుతుందేమో. కానీ ఆ ఐదో పాట... దేవుడి మీద అలిగానని సంఘంలో పాడేవాళ్లు అంటే ఎలా? ఎవరిదమ్మా ఆ అవిశ్వాసం?"

హారతి లేచి నిలబడింది. "నాదే సార్. క్షమించున్రి."

పరమేశ్వర్ హార్మోనియం మూసి లేచాడు.

"అది దానిది గాదు సార్. నాది. గొంతు మంచిగనే ఉంది. రాజనర్సు పోయినకాడి నుంచి నాకు పాడబుద్ధి అయితలేదు. మీకందరికి అబద్ధం చెప్పిన. నా పెండ్లానికి గూడ చెప్పిన."

అందరూ అతని వైపు తిరిగారు.

వెనక వరుసలోంచి రాజనర్సు భార్య పద్మారాణి మెల్లగా నడిచి వచ్చింది. భర్త పోయాక ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు.

"బిడ్డా, నా ఫోన్ల పాటలు రావు. నాకు వినిపియ్యి."

హారతి పాట పెట్టింది. గిటారు చప్పుడుకు పద్మారాణి కనురెప్ప కూడా వేయలేదు. అయిపోయాక పరమేశ్వర్ వైపు తిరిగింది.

"అందరు వచ్చి దేవుని చిత్తం అన్నరన్నా. అయితె కావచ్చు. గని మా ఆయన కోసం దేవునితోని కొట్లాడినోడు ఒక్కడు గూడ లేడనుకున్న." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉన్నవు నువ్వు. చాలన్నా."

పరమేశ్వర్ కుర్చీలో కూలబడి పెద్దగా ఏడ్చాడు. నాలుగు నెలల్లో అతని గొంతు అంత గట్టిగా వినడం ఊర్మిళకు అదే మొదటిసారి. పక్కకు పోయి అతని వీపు మీద చెయ్యి వేసింది. వరప్రసాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆల్బమ్ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం లెండి," అని కూర్చున్నాడు. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

ముగ్గురూ ఆటోలో ఇంటికి బయల్దేరారు. సచిన్ రోడ్డు దాటాక పరమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"ఐదు తర్వాత ఇంక మూడున్నయ్ గద?"

"ఆ, బాపూ."

"పెట్టు. సగం వేగంల గాదు, ఉన్నది ఉన్నట్టె పెట్టు. ఇంకేమేం అడిగినవో వింట."