నానమ్మ మీద నాలుగు నేరాలు

శనివారం ఒంటిపూట బడి. పిడుగు మెట్లెక్కి ఇంటి తలుపు తోసేసరికి లోపల్నుంచి నానమ్మ కేకలు వినిపించాయి.

"జరగండి, లోపలికి జరగండి! అంత చోటుంచుకుని గుమ్మంలో వేలాడతారేంటి?"

ఇంటికి చుట్టాలొచ్చారేమో అనుకుంది పిడుగు. బ్యాగు సోఫా మీదికి విసిరేసి వంటింట్లోకి పరుగెత్తింది. చుట్టాలూ లేరు, పక్కాలూ లేరు. నానమ్మ వాషింగ్ మెషీన్ ముందు స్టూలు వేసుకుని దుప్పట్లు కుక్కుతోంది. ఆ కేకలన్నీ దుప్పట్ల మీదే.

"నానమ్మా! దుప్పట్లతో మాట్లాడుతున్నావా?"

"మరెవరితో మాట్లాడమంటావే? తెల్లారగానే తలో దిక్కూ పోతారు. ఈ మెషీనే నయం, ఏదన్నా అంటే తిరిగి గుర్రుమనైనా అంటుంది."

పిడుగు పొట్ట పట్టుకుని నవ్వింది. అందులో నవ్వాల్సిందేమీ లేదని ఆ పూట దానికి తోచలేదు.

నానమ్మ రిటైరయ్యేదాకా సిటీ బస్సులో కండక్టరు. ఆవిడ వెనక గుమ్మం దగ్గర "రైట్!" అంటే ముందున్న డ్రైవరే కాదు, పక్క బస్సు డ్రైవరు కూడా బండి కదిపేవాడట. ఆ గొంతు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. కాకపోతే బస్సు లేదు, జనం లేరు.

ఇక మన పిడుగు. అయిదో క్లాసు. ఇంట్లో ఎవర్ని ఏమడిగినా జవాబు ముందు దీని నోట్లోంచే వస్తుంది. "అత్తయ్యా, టీ పెట్టమంటారా?" అని అమ్మ అడిగితే, "నానమ్మకిప్పుడొద్దు" అని ఇది చెప్తుంది. నానమ్మ గదే దీని గది కూడా. పడుకోబోయే ముందు ఒక బస్సు కథ, ఆ తర్వాత నానమ్మ గురక. ఈ రెండూ లేకపోతే దానికి నిద్ర పట్టదు.

ఆ సాయంత్రం అమ్మ హాస్పిటల్ నుంచీ, నాన్న రంగుల కొట్టు నుంచీ వచ్చి కూర్చోగానే, నానమ్మ తాపీగా ఓ మాట వదిలింది.

"మెయిన్ రోడ్డు చివర సీనియర్ లివింగ్ కమ్యూనిటీ అని బోర్డు పెట్టారు. రేపు వెళ్లి చూసొద్దాం. బాగుంటే నేనక్కడ ఉంటాను."

నాన్న చేతిలోని బిస్కెట్ టీలో పడి మునిగిపోయింది.

"వృద్ధాశ్రమమా! మేమేం తక్కువ చేశామమ్మా నీకు? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ పగలంతా వచ్చి నాతో కూర్చోమను. నేనెక్కడికీ వెళ్లను."

"వృద్ధాశ్రమం కాదండీ," అంది అమ్మ. "ఎవరి గది వాళ్లకుంటుంది. లిఫ్టుంటుంది, పిలిస్తే నర్సు వస్తుంది. మన మెట్లెక్కి దిగేసరికి అత్తయ్య మోకాళ్లు ఎలా వాస్తున్నాయో చూస్తూనే ఉన్నాంగా."

"గేటు తొమ్మిదికల్లా మూసేస్తారట. టైముకే తినాలట. అర్ధరాత్రి టీ తాగాలనిపిస్తే ఏం చేస్తుంది?"

"అర్ధరాత్రి నాకెప్పుడు అనిపించిందిరా? అది నీ అలవాటు!"

అమ్మ వైపు నుంచి ఒక మంచి వస్తే, నాన్న వైపు నుంచి ఒక చెడ్డ వచ్చింది. చూసేవాళ్లకి పింగ్‌పాంగ్ ఆటలా ఉంది. చివరికి పిడుగు లేచి నిలబడింది.

"అక్కడ నేనుండను కదా!"

నానమ్మ దాని జుట్టు సవరించింది.

"అవునే. లోటంటే అదొక్కటే. దాన్నెటు తూచాలో నాకూ తెలియడం లేదు. ముందు చూద్దాం పద."

మర్నాడు పొద్దున్నే నలుగురూ వెళ్లారు. ఒక్క వంకైనా దొరక్కపోతుందా అని పిడుగు కళ్లు పెద్దవి చేసుకుని మూలమూలా వెతికింది. వరండా పొడుగునా పట్టుకుని నడవడానికి కమ్మీ ఉంది. లిఫ్టులో కూర్చోవడానికి బల్ల ఉంది. హాల్లో ఇద్దరు ముసలమ్మలు టీవీ రిమోట్ కోసం హాయిగా పోట్లాడుకుంటున్నారు. టీ మాత్రం నీళ్లలా ఉంది. అదైనా దొరికింది కదా అని పిడుగు నానమ్మ చెవిలో చెప్పింది. నానమ్మ వింటేగా! కూర్చున్న చోటు నుంచే దారిన పోయేవాళ్లందర్నీ పలకరిస్తోంది. ఆవిడ మొహం అంతలా వెలిగిపోవడం పిడుగు చూసి చాలాకాలమైంది. చూసినకొద్దీ అది నానమ్మ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మా దగ్గరో పద్ధతుందండీ," అంది అక్కడి మేనేజరమ్మ. "కొత్తవాళ్లు ముందు ఓ టేబుల్ దగ్గర భోంచేస్తారు. వారం ఆలోచించుకుని ఆ టేబుల్ వాళ్లు ఊఁ అంటేనే తర్వాతి మాట. మూడు పూటలా ఎదురెదురుగా కూర్చోవాల్సినవాళ్లు కదా! ఈ పద్ధతి పెట్టకముందు రోజూ నా దగ్గర పంచాయితీలే."

కిటికీ పక్క టేబుల్ చూపించింది. అక్కడ ముగ్గురున్నారు. రిటైరైన జడ్జిగారు, పళ్ల డాక్టరమ్మ, ఒకప్పుడు బ్యాండు వాయించిన బ్యాండు మాస్టారు. ముగ్గురూ క్యారమ్స్ ఆడుకుంటున్నారు.

పెద్దవాళ్లు పైన గది చూడ్డానికి లిఫ్టెక్కారు. పిడుగు కిందే ఉండిపోయింది. ఊఁ అనాల్సింది ఈ ముగ్గురేనని దానికి తెలిసిపోయింది. ఇంక ఆగుతుందా?

"తాతగారూ, మీకో సంగతి చెప్పాలి. మా నానమ్మ గురక పెడుతుంది. గోడలు అదురుతాయి."

"అయ్యో పాపం," అన్నాడు బ్యాండు మాస్టారు. ఆయనకదేమంత తప్పుగా అనిపించలేదు.

"మాట్లాడ్డం మొదలెడితే ఇంకెవర్నీ మాట్లాడనివ్వదు."

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. ఇదీ చాల్లేదు. పిడుగు గొంతు తగ్గించింది.

"క్యారమ్స్‌లో దొంగాట ఆడుతుంది."

డాక్టరమ్మ స్ట్రైకర్‌ని గుప్పిట్లో దాచుకుంది. పిడుగుకి హుషారొచ్చింది. అబద్ధం ఒకటి నోట్లోంచి వచ్చాక రెండోదానికి దారి తెలిసిపోతుంది కదా.

"పక్కవాళ్ల ప్లేట్లో చెయ్యి పెట్టి తినేస్తుంది!"

ఆ దెబ్బకి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

భోజనం సంగతి చెప్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. నానమ్మ ఉప్పందుకోబోతే డాక్టరమ్మ ప్లేటుని ఒళ్లోకి లాక్కుంది. బ్యాండు మాస్టారు ఎడమచేతిని కోటగోడలా అడ్డం పెట్టి తిన్నాడు. నానమ్మ బస్సులో మేకపిల్ల ఎక్కిన కథ ఎత్తుకుంది. దానికి టిక్కెట్టు కొట్టాలా వద్దా అన్న చోటికి రాకముందే జడ్జిగారు, "క్లుప్తంగా చెప్పండి" అన్నారు. నానమ్మ కథ అక్కడే ఆపేసింది. భోజనాలయ్యాక, "ఒక ఆట వేద్దామా?" అని అడిగింది.

"ఇవాళ బోర్డుకి సెలవండీ," అంది డాక్టరమ్మ, గుప్పిట విప్పకుండా.

ఇంటికొచ్చేదాకా నానమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పిడుగు మాత్రం లోలోపల గంతులేసింది. గెలిచాననుకుంది పిచ్చిపిల్ల.

సోమవారం నుంచి ఇంట్లో ఏదో తేడా వచ్చింది. కింద పాలవాడు బెల్లు కొడితే నానమ్మ మూడో అంతస్తు నుంచి కేకెయ్యలేదు. మోకాళ్లు పట్టుకుని కిందికి దిగి వెళ్లింది. ఫోన్లో అవతలివాళ్లు "వినపడ్డం లేదు, వినపడ్డం లేదు" అని గోల పెట్టారు. బస్సు కథ అడిగితే, "పాతవేగా, ఎన్నిసార్లు వింటావులే" అని అటు తిరిగి పడుకుంది.

"ఏమమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు నాన్న.

"నానమ్మకి బానే ఉంది," అని పిడుగు అలవాటుగా చెప్పేసింది. కానీ బాలేదని దానికీ తెలుస్తూనే ఉంది.

గురువారం బడి నుంచి వచ్చేసరికి ఇల్లు చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దంగా ఉంది. పిడుగు గదిలోకి తొంగిచూసింది. నానమ్మ అద్దం ముందు నిలబడి ఉంది.

"నమస్కారమండీ," అంది నానమ్మ అద్దంతో. తల అడ్డంగా ఊపింది. మళ్లీ, ఇంకొంచెం మెల్లగా, "నమస్కారమండీ. బాగున్నారా?"

"ఏం చేస్తున్నావ్ నానమ్మా?"

నానమ్మ సిగ్గుపడింది. పెద్దవాళ్లు సిగ్గుపడితే చూడ్డం ఎంత కష్టమో పిడుగుకి మొదటిసారి తెలిసింది.

"గొంతు తగ్గించడం నేర్చుకుంటున్నానే. నాది మరీ మొరటు గొంతు కదా. పాపం వాళ్లు చదువుకున్నవాళ్లు, బెదిరిపోయినట్టున్నారు. నచ్చలేదు వాళ్లకి నేను. ఇన్నేళ్లూ బస్సులో జనమంతా నన్ను ఎలా భరించారో!"

మెషీన్‌తోనైనా గట్టిగా మాట్లాడే నానమ్మ, పిడుగు మూలంగా, తన గొంతుని తనే నొక్కేసుకుంటోంది.

"వాళ్లకి నువ్వు నచ్చకపోవడం కాదు నానమ్మా," అంటూ బావురుమంది. "నేనే చెప్పాను. నువ్వు గురక పెడతావనీ, ఎక్కువ మాట్లాడతావనీ, వాళ్ల ప్లేట్లో చెయ్యి పెడతావనీ, క్యారమ్స్‌లో దొంగాట ఆడతావనీ..."

నానమ్మ అద్దం వదిలి పిడుగు దగ్గరికి వచ్చింది.

"ఏమన్నావ్?"

"క్యారమ్స్‌లో..."

"దొంగాటా? నేనా?" కిటికీ రెక్కలు గలగలలాడాయి. "డిపో అంతటికీ చాంపియన్‌నే నేను! అందరి మీదా గెలిచాను! దొంగాటా!"

కింద అంతస్తువాళ్లు ఏమైందో అని బాల్కనీలోకి వచ్చి పైకి చూశారు. పిడుగు ఏడుస్తూనే సంతోషపడింది. ఇంత తియ్యగా తిట్లు తినడం దానికెప్పుడూ జరగలేదు.

కోపం తగ్గాక నానమ్మ మంచం మీద కూర్చుంది.

"ఎందుకు చెప్పావే అలా?"

"నువ్వు వెళ్లిపోతావని."

"వెళ్తానని నేనన్నానా? ఉండిపోతానని మాత్రం అన్నానా? మీ నాన్నా అంతే, మీ అమ్మా అంతే, నువ్వూ అంతే. నేనింకా అటూ ఇటూ తూచుకుంటూనే ఉన్నాను, నా తక్కెడ మీరు లాగేసుకున్నారు." పిడుగు మొహం చీరకొంగుతో తుడిచింది. "ఆదివారం వెళ్దాం. చెప్పినదానివి నువ్వే, మార్చి చెప్పాల్సిందీ నువ్వే. నేను పక్కన నిలబడతాను. ఒక్క మాట సాయం రాను."

ఆదివారం పిడుగు కిటికీ పక్క టేబుల్ ముందు నిలబడింది. వెనకాల అమ్మా నాన్నా, పక్కన మూతి బిగించిన నానమ్మ.

"నేను... ఆ రోజు..."

"గట్టిగా చెప్పమ్మా, నా చెవులు అంతంత మాత్రం," అన్నారు జడ్జిగారు.

"నేను అబద్ధాలు చెప్పాను!"

హాలంతా స్పూన్లు ఆగిపోయాయి. జడ్జిగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఇలాంటి అవకాశం ఆయనకి వచ్చి ఎన్నాళ్లయిందో!

"ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పు. పక్కవాళ్ల ప్లేట్లో చెయ్యి?"

"అబద్ధమండీ."

"క్యారమ్స్‌లో దొంగాట?"

"పచ్చి అబద్ధమండీ!"

"మాట్లాడనివ్వకపోవడం?"

పిడుగు నానమ్మ వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. "అది... కొంచెం నిజమేనండీ."

"గురక?"

"పూర్తిగా నిజమండీ."

హాలు గొల్లుమంది. నాన్న కూడా నవ్వాడు. డాక్టరమ్మ స్ట్రైకర్‌ని ఠక్కున బోర్డు మీద పెట్టింది.

"గురకకి నేను భయపడను. మా ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. దొంగాట ఆడరంటేనే కాస్త నిరాశగా ఉంది. ఇక్కడ నాకు తోడు ఎవరూ లేరు!"

ముగ్గురూ ఊఁ అన్నాక మేనేజరమ్మ పిడుగు దగ్గరికి వచ్చింది. "అయితే ఏమంటావ్? మీ నానమ్మ ఇక్కడుంటారా?"

పిడుగు నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది, పెద్ద అక్షరాలతో, ఉండదు అని. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నన్నడక్కండి," అంది. "మా నానమ్మని అడగండి."

అందరూ నానమ్మ వైపు తిరిగారు. నాన్న ఏదో అనబోతే పిడుగు ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఒక నెల ఉండి చూస్తాను," అంది నానమ్మ, నిదానంగా. "పగలు ఇక్కడ మనుషులున్నారు. రాత్రి అక్కడ నా మనవరాలుంది. ఏది లేకపోతే నాకు ఎక్కువ గుబులుగా ఉంటుందో ఉండి చూస్తేగానీ తెలియదు. నెల తర్వాత నా అంతట నేనే చెప్తాను. అప్పటిదాకా నన్నెవరూ తొందరపెట్టకండి."

ఆ తర్వాతి ఆదివారం సూట్‌కేసుతో వచ్చారు. దాన్ని లిఫ్టు దాకా పిడుగే లాక్కొచ్చింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వెళ్లొద్దని ఒక్కసారి కూడా అనలేదు.

బ్యాండు మాస్టారు టీ ట్రేతో ఎదురొచ్చాడు. "ఏమ్మా, మీ నానమ్మకి చక్కెర ఎన్ని చెంచాలు?"

ఒకటిన్నర అని పిడుగుకి తెలుసు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. పెదాలు బిగించింది.

"ఆవిడ్నే అడగండి తాతగారూ. కాకపోతే ముందు కూర్చోండి."

బ్యాండు మాస్టారు కూర్చుని అడిగాడు. నానమ్మ చక్కెర సంగతి మొదలుపెట్టింది. డిపోలో టీ కాచిన మనిషి దగ్గర మొదలై, ఆయన మేనల్లుడి పెళ్లి దాకా వెళ్లింది. జడ్జిగారూ డాక్టరమ్మా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఈసారి ఎవరూ క్లుప్తంగా చెప్పమనలేదు.

పిడుగూ, అమ్మా, నాన్నా గేటు దాటి రోడ్డు మీదికి వచ్చినా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. పిడుగు నవ్వింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"నాన్నా, టీ చల్లారిపోతుందేమో," అంది. "నానమ్మ ఇంకా ఒకటిన్నర దాకా రాలేదు."